పద్నాలుగు సిగరెట్లూ ఒక కార్డూ: విశాఖలోని ఒక పొగ మాన్పించే క్లినిక్‌పై సమీక్ష

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో నడిచే పొగాకు విరమణ క్లినిక్‌లో నేను ఏడు నెలల క్రితం చేరాను. పది వారాల్లో ఏడు సిట్టింగులు, మొత్తం రుసుము 4,800 రూపాయలు, నికోటిన్ గమ్ ఖర్చు విడిగా. పేరు రాయకపోవడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే వాటిలో మెచ్చుకోళ్ళతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి. పైగా మెచ్చుకోదగినదంతా ఒక కౌన్సెలర్ పనితనమే తప్ప ఆ బోర్డు గొప్పతనం కాదు. ఇలాంటి చోటికి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి క్లినిక్ పేరు కన్నా, లోపల ఏం జరుగుతుందో, ఏం జరగాలో తెలియడం ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

నా సంగతి ముందుగా రెండు మాటల్లో చెబుతాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా పొగ తాగుతున్నాను, రోజుకు పద్నాలుగు. మూడుసార్లు మానాను, ఒకసారి పదకొండు రోజులు, ఒకసారి అయ్యప్ప దీక్ష పుణ్యమా అని నలభై ఒక్క రోజులు, మరోసారి రెండు రోజులు. దీక్ష విరమించిన రోజు సాయంత్రమే మళ్ళీ కిళ్ళీ కొట్టు దగ్గర నిలబడ్డవాడికి ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి ప్రయోజనం లేదని వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఆ క్లినిక్ వెయిటింగ్ హాలు గోడల నిండా అవే బొమ్మలు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే హెచ్చరిక 2016 నుంచీ ఉంది. అది రోజూ జేబులో పెట్టుకుని తిరిగే మనిషికి గోడ మీద బొమ్మ కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

మొదటి సిట్టింగులో డాక్టరుగారు ఆరు ప్రశ్నల పత్రం ఒకటి నింపించారు. ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష అంటారు దాన్ని, ప్రపంచమంతటా వాడతారు. నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంత సేపటికి వెలిగిస్తారు, రోజుకు ఎన్ని, జ్వరంతో మంచం పట్టినా తాగుతారా, పొగ నిషేధించిన చోట ఆగగలరా, అన్నిటికన్నా వదులుకోలేనిది పొద్దుటి సిగరెట్టా మరొకటా అన్న ధోరణిలో ప్రశ్నలుంటాయి. సున్నా నుంచి పది వరకు మార్కులు. నాకు మూడు వచ్చాయి. "మీది తక్కువ డిపెండెన్సే, సులువుగా మానేస్తారు" అని 2 మిల్లీగ్రాముల గమ్ రాసి, ఆరు నిమిషాల్లో పంపించేశారు. పదికి మూడు మార్కులు వచ్చినవాడు ఇరవై రెండేళ్ళు ఎందుకు మానలేకపోయాడన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, పరీక్షలో తక్కువ మార్కులొచ్చినందుకు జీవితంలో తొలిసారి సంతోషిస్తూ బయటికి వచ్చాను.

ఆ పరీక్షను తప్పుపట్టడం లేదు. అది కొలిచేది శరీరం నికోటిన్‌కు ఎంత అలవాటు పడిందన్నదాన్ని. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలకల్లా రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అందువల్ల రాత్రంతా నిద్రపోయి లేచేసరికి శరీరం దాదాపు ఖాళీ అయి ఉంటుంది కాబట్టి, కళ్ళు తెరవగానే అగ్గిపెట్టె వెతుక్కునే మనిషికి ఎక్కువ మార్కులు పడతాయి. నేను లేచాక నలభై నిమిషాల దాకా ఆగగలను. అయితే నేను వదులుకోలేని సిగరెట్ పొద్దుటిది కాదు, సాయంత్రం ఆరుంబావుకు కాల్చేది. ఆ పత్రంలో దానికి సున్నా మార్కులు!

ఈ సున్నాను పట్టుకున్నది కౌన్సెలర్. ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి, మాట్లాడడం కన్నా వినడం ఎక్కువ. నా పత్రం చూసి, "పొద్దున్నది కాకపోతే మరి ఏదండీ?" అని అడిగి, నేను చెప్పింది రాసుకుని, పోస్టుకార్డులో సగం ఉండే గళ్ళ కార్డులు ఏడు చేతిలో పెట్టింది. వారం రోజుల పాటు మానే ప్రయత్నమేమీ చేయవద్దని, తాగేదంతా తాగమని, కాకపోతే కార్డును రబ్బరు బ్యాండుతో సిగరెట్ పెట్టెకు చుట్టి ఉంచి, ప్రతి సిగరెట్టూ వెలిగించడానికి ముందు ఒక వరుస రాయమని చెప్పింది. టైమెంత, ఎక్కడ, పక్కన ఎవరు, అంతకు ముందు ఏం జరిగింది, ఇప్పుడు ఏం కావాలనిపిస్తోంది. చివరి గడి మాత్రం తాగిన పది నిమిషాలకు నింపాలి: ఆ కావాలనుకున్నది దొరికిందా?

ఈ సేవ మొత్తంలో డబ్బుకు తగిన వస్తువు ఏదైనా ఉందంటే ఆ కార్డే. వారానికి 91 వరుసలు తేలాయి. వాటిలో 12 పొద్దుటివి. 24 భోజనం తరువాతో, టీ తరువాతో తాగినవి. 17 స్నేహితుల మధ్య. 31 ఆఫీసులో సీటు వదిలి బయటికి వచ్చినప్పటివి. 7 ఆ సాయంత్రపువి, రోజుకొకటి చొప్పున. "ఏం కావాలనిపిస్తోంది" అన్న గడిలో మొదటి రెండు రోజులూ అన్నిచోట్లా "టెన్షన్ తగ్గాలి" అనే రాశాను. మూడో రోజుకు ఆ మాట నాకే విసుగు పుట్టించింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక చోట "ఇక్కడ నుంచి లేవాలి" అని, మరోచోట "నన్ను ఎవరూ ఏమీ అడగకూడదు" అని రాసి ఉంది. రాసినది నేనే అయినా, కౌన్సెలర్ పైకి చదివినప్పుడు మరొకరి ఉత్తరం వింటున్నట్టు అనిపించింది.

ఆ 31 సిగరెట్ల గురించి ఆమె ఒకే ప్రశ్న వేసింది: "సిగరెట్ లేకుండా ఊరికే లేచి బయటికెళ్ళి ఐదు నిమిషాలు నిలబడితే మీ ఆఫీసులో ఏమంటారు సార్?" ఏమంటారో నాకు బాగా తెలుసు. ఒంట్లో బాగా లేదా అంటారు, పని లేదా అంటారు, ఫలానా ఫైలు ఎంతవరకు వచ్చింది అంటారు. అదే "సిగరెట్‌కి వెళ్ళొస్తా" అంటే సూపరింటెండెంటుగారు తల కూడా ఎత్తరు. మన ఆఫీసుల్లో మనిషికి విశ్రాంతి అవసరమని ఒప్పుకోని వ్యవస్థ, సిగరెట్‌కు మాత్రం తగుపాటి విరామం అవసరమని ఎప్పుడో ఒప్పుకుంది. ఇరవై రెండేళ్ళుగా నేను కొన్నది పొగాకునే కాదు, సెలవు చీటీలను కూడా. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా నిషేధించాక ఈ సెలవు ఇంకాస్త పెరిగింది కూడా, ఎందుకంటే అప్పటి నుంచి ఆవరణ దాటి రోడ్డు అవతలి దాకా నడవాల్సి వస్తోంది.

ఇక సాయంత్రపు సిగరెట్. మా నాన్నగారు పక్షవాతంతో మూడేళ్ళుగా మంచంలో ఉన్నారు. పగలంతా ఆయన పనులు నా భార్య చూస్తుంది. నేను మెట్లెక్కి తలుపు తట్టిన క్షణం నుంచి రాత్రి పదింటి దాకా నా వంతు. ఆఫీసు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్ సెల్లారులో స్కూటరు ఆపి, దాని మీదే కూర్చుని ఒకటి కాల్చి పైకి వెళ్తాను. ఇది నాకు బాధ్యత నుంచి తప్పించుకోవడంలా తోచి, ఎవరికీ చెప్పుకోలేదు. కార్డు మీద ఏడు రోజులూ అదే సమయం, అదే చోటు, "పక్కన ఎవరు" అన్న గడిలో ఏడుసార్లూ "ఎవరూ లేరు". కౌన్సెలర్ ఆ గడి మీద పెన్సిల్ ఆనించి, "ఈ ఐదు నిమిషాలు మీరు ఎవరి కొడుకూ కాదు, ఎవరి గుమాస్తా కాదు, అంతేనాండీ?" అంది. నేను జవాబు చెప్పడానికి కొంత సమయం పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. ఆ నిశ్శబ్దానికి కూడా రుసుము చెల్లించానని తరువాత లెక్క వేసుకున్నాను, దండగ అనిపించలేదు.

ఇక్కడ నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు మాది. అక్కడి ఆడవాళ్ళు చాలామందిలా ఆమె కూడా అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. సముద్రపు గాలికి ఆరిపోదనీ, బూడిద రాలదనీ, చేతులు ఖాళీగా ఉంటాయనీ కారణాలు చెప్పేవారు. నోరు తెరిస్తే అంగిలి తెల్లగా పాలిపోయి కనిపించేది. ఆ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని మాకు అప్పట్లో తెలియదు. నాకు బాగా గుర్తున్నది మాత్రం వేరే. మిట్టమధ్యాహ్నం ఆమె పెరటి అరుగు మీద చుట్టతో కూర్చున్నప్పుడు ఇంట్లో ఎవరూ ఆమెకు పని చెప్పేవారు కారు, పిల్లలమైన మేము కూడా ఆమెను కదిపేవాళ్ళం కాము. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో ఆమెకంటూ ఉన్న సమయం అదొక్కటే. ఈ సంగతి చెబితే కౌన్సెలర్ కార్డు వెనక వైపు రాసుకుంది.

అయితే ఈ పద్ధతితో నాకు ఒక పేచీ కూడా ఉంది. క్లినిక్ కరపత్రంలో "ప్రతి చెడు అలవాటు వెనుకా తీరని భావోద్వేగ అవసరం ఉంటుంది" అని పెద్ద అక్షరాలతో వేశారు. ప్రతి అలవాటు వెనుకా, ప్రతి సిగరెట్ వెనుకా ఉండదు. నా పొద్దుటి సిగరెట్ వెనుక ఉన్నది రాత్రంతా ఖాళీ అయిన నికోటిన్, దానితో పాటు మరుగుదొడ్డి. అది లేనిదే విరేచనం కాదన్న నమ్మకం పొగతాగే మగవాళ్ళలో ఎంత సర్వసాధారణమో అందరికీ తెలిసిందే. కౌన్సెలర్ దాని వెనుక కూడా బాల్యం ఏదైనా దొరుకుతుందేమోనని ఒక పావుగంట తవ్వింది. నేనే నవ్వి ఆపాను. రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, ఒక గమ్, పది రోజుల ఓపికతో ఆ చిక్కు విడిపోయింది. సిగరెట్ ఇచ్చే "ప్రశాంతత"లో పెద్ద భాగం, గంట క్రితపు సిగరెట్ ఇచ్చిన నికోటిన్ తగ్గిపోవడం వల్ల పుట్టిన చిరాకు తీరడమేనన్న విషయం కూడా ఇలాంటి చోట గట్టిగా చెప్పాలి. అప్పు చేసి అప్పు తీర్చుకుని స్థిమితపడినట్టే అది. ఆమె చెప్పింది గానీ, కరపత్రం ఎక్కడా చెప్పలేదు.

రెండో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. మూడో వారానికల్లా నా సిగరెట్ల మీద నేను చక్కటి వ్యాఖ్యాతనైపోయాను. ఇది ఒంటరితనం కోసం, ఇది ఆఫీసు కోపం మీద, ఇది అలసట వల్ల అని ఒక్కొక్కదానికీ భాష్యం చెప్పుకుంటూ, హాయిగా కాలుస్తూనే ఉన్నాను. కారణం తెలియడం ఒక ఎత్తు, అగ్గిపుల్ల గీయకపోవడం మరో ఎత్తు. నాలుగో సిట్టింగులో ఆమె దీన్ని గమనించి, కార్డులన్నీ వెనక్కి తీసుకుని, క్యాలెండర్ ముందు పెట్టి, "తేదీ చెప్పండి సార్" అంది. వచ్చే గురువారం అన్నాను. ఆ కఠినత్వం లేకపోతే మొదటి మూడు వారాల తీయటి మాటలు వృథా అయ్యేవి.

తేదీ కన్నా ముందు ప్రతి అవసరానికీ వేరే దారి రాసుకున్నాం. ఆఫీసులో లేవడం మానకూడదు. నీళ్ళ సీసా ఎప్పుడూ సగమే నింపుకుని, దానికోసం కింది అంతస్తు ఫిల్టర్ దాకా దిగి రావాలి. "నీళ్ళకు వెళ్ళొస్తా" అన్నమాట మొదట్లో వింతగా ఉన్నా, వారం తిరిగేసరికి చెల్లుబాటైంది. సాయంత్రం సంగతి మాత్రం నా భార్యకు చెప్పాలని కౌన్సెలర్ పట్టుబట్టింది. ఆరుంబావు నుంచి ఆరున్నర దాకా సెల్లారులో ఊరికే కూర్చుంటాను, ఫోన్ చేయవద్దు అని చెప్పడానికి నాకు సిగరెట్ మానడం కన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, "సరే, మీరు పైకి వచ్చాక నాకూ పావుగంట కావాలి, నేను డాబా మీదకు పోతాను, నన్నూ పిలవొద్దు" అంది. మూడేళ్ళుగా ఆమెకు సిగరెట్ లాంటి సాకు కూడా లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

గమ్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్లినిక్‌లో ఎవరూ సరిగా చెప్పలేదు. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే ఎక్కిళ్ళు, గుండెల్లో మంట తప్ప ఫలితం ఉండదు. నికోటిన్ లాలాజలంతో పాటు కడుపులోకి పోతుంది. నెమ్మదిగా నమిలి, నోటికి మిరియపు ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. ఇలా అరగంట. కాఫీ, పళ్ళరసం, సోడా వంటివి తాగిన పావుగంట దాకా గమ్ వేసుకుంటే నికోటిన్ సరిగా ఒంటపట్టదు. మందుల షాపు కుర్రాడు చెప్పిన ఈ విషయం డాక్టరుగారి ఆరు నిమిషాల్లో చోటుచేసుకోలేదు. ఆసుపత్రి ఫార్మసీలో పుదీనా రుచి ఒకటే దొరికేది. పది వారాలకు గమ్ ఖర్చు సుమారు 3,600 రూపాయలు. రుసుముతో కలిపినా నా రెండు నెలల సిగరెట్ల ఖర్చు కన్నా తక్కువే.

మొదటి మూడు రోజులూ నరకమే, దాచిపెట్టేదేమీ లేదు. చిరాకు, నిద్రలేమి, చేతులను ఏం చేసుకోవాలో తోచకపోవడం. తలపు వచ్చిన ప్రతిసారీ గడియారం చూసుకోమన్నారు. మూడు నుంచి ఐదు నిమిషాల్లో అల వచ్చినట్టే వచ్చి విరిగిపోతుందన్నారు, అది నిజమే. నాలుగు వారాలకు శరీరం సర్దుకుంది. ఇప్పటిదాకా రెండుసార్లు జారాను. ఒకటి నాన్నగారికి జ్వరం ముదిరి ఆసుపత్రిలో గడిపిన రాత్రి. మర్నాడు కౌన్సెలర్‌కు ఫోన్ చేస్తే "ఎందుకు తాగారు" అనలేదు, "ఆ రాత్రి ఏం కావలసి వచ్చిందండీ" అంది. పక్కన ఇంకొక మనిషి కావలసి వచ్చింది. మా తమ్ముణ్ణి రప్పించవచ్చన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

పూడని నష్టం ఒకటి ఉంది. టీ బడ్డీ దగ్గర అటెండరూ, ఆఫీసరూ, నేనూ ఒకరి సిగరెట్‌తో మరొకరం వెలిగించుకునే ఆ పావుగంట సమానత్వం నాకు మరెక్కడా దొరకలేదు. మొదటి నెల అటు వెళ్ళనేలేదు. ఇప్పుడు వెళ్తాను, టీ తాగి వచ్చేస్తాను, కానీ అందరి మధ్యా పథ్యం తినేవాడిలా ఉంటుంది. దీనికి క్లినిక్ దగ్గరా మందు లేదు.

ఫిర్యాదుల్లో పెద్దది ఫారానిది. నా పక్కన కూర్చున్న ఆటో డ్రైవర్ ఖైనీ మానడానికి వచ్చాడు. ఫారంలో అన్నీ "రోజుకు ఎన్ని సిగరెట్లు" తరహా ప్రశ్నలే. "నాకు గడే లేదు సార్ ఇందులో" అన్నాడు. 2016-17 జాతీయ సర్వే లెక్కల్లో దేశంలోని పెద్దల్లో పొగ తాగేవారు 10.7 శాతమైతే, నమిలే, చప్పరించే పొగాకు వాడేవారు 21.4 శాతం. రెట్టింపు మందికి గడి లేని ఫారంతో పొగాకు విరమణ క్లినిక్ ఎలా నడుపుతారో నాకు బోధపడలేదు. మూడో సిట్టింగుగా పెట్టిన గ్రూపు సమావేశం ఎవరు ఎక్కువ తాగారన్న గొప్పల పోటీగా మారినా నిర్వాహకుడు చూస్తూ ఊరుకున్నాడు. ఇక పొద్దున ఆరింటికి వాట్సాప్‌లో వచ్చే సూక్తుల సంగతి: సిగరెట్ గురించి ఆలోచించని పూట కూడా అదే గుర్తుచేసేది.

డబ్బు వెచ్చించలేనివారు సిగరెట్ పెట్టె మీదే ఉన్న 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వపు ఈ సేవ 2016లో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల పెట్టెలు కొన్నానో, ఆ నంబరును ఒక్కసారి కూడా చదవలేదు.

ఆరో సిట్టింగుకు వెళ్ళేసరికి కౌన్సెలర్ మారిపోయింది. కొత్తాయన మర్యాదస్థుడే గానీ, పాత కార్డులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదట. మళ్ళీ ఆరు ప్రశ్నల పత్రం ముందు పెట్టారు. మానిన మనిషిని "రోజుకు ఎన్ని" అని అడిగితే ఏం రాయాలో తోచక గీత గీసి ఇచ్చాను. ఏడో సిట్టింగు ఇంకా మిగిలే ఉంది, దానికి కట్టిన డబ్బు వాళ్ళ దగ్గరే ఉంది. ఆ అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టిందని, వేసవి దాటాక వస్తుందని రిసెప్షన్‌లో చెప్పారు. వచ్చాక ఫోన్ చేయమని నా నంబరు ఇచ్చి వచ్చాను.